జెట్టీ మీద మగ్గం ముడి

"నిరోష వీపు నీకు పది గజాల దూరంల ఉంటది. గురి తప్పే ఛాన్స్ లేదు" అన్నాడు రాంచందర్, టీ గ్లాసు కింద పెడుతూ.

చౌటుప్పల్ హైవే పక్కన టైర్ల షాపు మీద అద్దె గది అది. బయట బోర్డు మీద ‘ప్లాట్లు అమ్మబడును’ అని ఉంటుంది. లోపల కూర్చునేది ఇంటెలిజెన్స్ వాళ్లు. రాంచందర్ ఆ ఆపరేషన్‌కు చీఫ్, పాలమూరు మనిషి. ఎదురుగా ఉన్న కమలాకర్ ఫీల్డ్ ఏజెంట్. వయసు యాభై, సర్వీసు ఇరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పి రెండేళ్లు.

"ఆమె మన మనిషి సార్."

"డబుల్ ఏజెంట్. ఎవలను డబుల్ చేస్తాందో నాకు అర్థమైతలేదు."

బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగిసింది. విదేశాల్లో మన కోసం పనిచేసే పదకొండు మంది పేర్లు, చిరునామాలు ఒక చిప్‌లో ఉన్నాయి. దాన్ని ఢిల్లీలో కొట్టేసిన ముఠా నిరోష చేతికి చేర్చింది. హైదరాబాదులో ఇక్కత్ బొటిక్ నడిపే నిరోషను చూస్తే సినిమాతార అనుకుంటారు. ఆమె ఎక్స్‌పోర్ట్ పార్సిళ్లు ముఠాకు బాగా పనికొచ్చాయి. అసలు చిప్ దాచి, నకిలీది ఇవ్వమని డిపార్ట్‌మెంట్ ఆమెకు చెప్పింది.

"పగటీలి ఆమె కారు వెతికించిన. నకిలీది డాష్‌బోర్డులనే ఉన్నది. అంటే ఆమె పర్సుల ఉన్నది అసలుది."

"ఒక్కసారి అడుగుదాం సార్."

"ఎట్లడుగుతవ్? పొద్దుగాల నుంచి వాళ్ల కాడనే ఉన్నది. ఫోన్ బంద్. రాత్రి పదకొండింటికి కృష్ణ బ్యాక్‌వాటర్ల పాత జెట్టీ మీద అప్పజెప్తాంది. చిప్ పడవెక్కిందంటే పేర్లన్ని సాటిలైట్ ఫోన్‌ల రెండు నిమిషాల్ల పోతయ్. మన లాంచీ రావాలంటే పది నిమిషాలు. చిప్ అసలుదని తేలంగనే నీ చెవిల ‘బుట్ట మూసెయ్’ అంట. ముందుగాల ఆమెను. తర్వాత చిప్ తీస్కునేటోణ్ణి."

నిరోషను ఈ పనిలోకి దించింది కమలాకరే. రామన్నపేటలో ఆమె తల్లి అమృతమ్మ మగ్గం గుంట గట్టున కూర్చుని, "నీ బిడ్డను క్షేమంగ ఇంటికి తెస్తనమ్మా" అని మాటిచ్చింది కూడా తనే. ఆ ముసలామె నమ్మి అన్నం పెట్టింది.

రాత్రి పదిన్నరకల్లా కమలాకర్ జెట్టీ చివర గాలం వేసుకుని కూర్చున్నాడు. వేషం, వైజాగ్ పోర్టులో రిటైరైన గుమస్తా. చెవి మిషన్‌లో రిసీవర్, రీలు పిడిలో మైక్, ఎర డబ్బాలో వానపాముల కింద సైలెన్సర్ పిస్టల్. రాడ్ కొసన చిన్న గంట. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

పక్కనే గాలంతో ఇంకో మనిషి వచ్చి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, బూడిదరంగు రెయిన్‌కోటు. చిప్ తీసుకోవడానికి వచ్చింది ఇతనే, అసలు పేరు ఎవరికీ తెలియదు. ఫైల్లో అతని పేరు కొంగ.

"వైజాగా? నేను నలభై ఏళ్లుగా సముద్రపు జెట్టీల మీద గాలం వేస్తున్నాను. పోటు ఎక్కేటప్పుడు చేప ఒడ్డుకొస్తుంది. ఇక్కడ ఆటూ పోటూ లేవు, విసుగు" అన్నాడు. అతని మాట తెలుగు పుస్తకం చదివినట్టుంది.

"ఏం చేస్తామండీ, రిటైరయ్యాక కాలక్షేపం కావాలి కదా" అన్నాడు కమలాకర్, కోస్తా యాస నోటికి తెచ్చుకుని.

అప్పుడే గాలం అడుగున బండకు పట్టింది. లాగితే నైలాన్ పుటుక్కున తెగింది. మామూలుగా అయితే ఏమీ కాకపోయేది. కానీ ఏడేళ్ల వయసు నుంచి మగ్గం మీద తెగిన పోగు అతికిన చేతులవి. మెదడు ఇంకా కొంగ మీదే ఉంది, వేళ్లు వాటంతట అవే ఒడ్డున పెట్టుకున్న, గాలమూ సీసపు గుండూ కట్టిన విడి ముక్కను అందుకున్నాయి. రెండు కొసలూ బొటనవేలి మీద అడ్డంగా పెట్టి, మెలేసి, పంటితో లాగి బిగించాయి. గాలం మళ్లీ నీళ్లలో పడింది. ఇరవై ఆరేళ్ల ట్రైనింగు అంతా అక్కడే మంటగలిసింది.

"ఈ ముడి ఏ రేవులోనూ చూడలేదే" అన్నాడు కొంగ. కుడిచేయి రెయిన్‌కోటు జేబులోకి పోయింది. "మీరు వైజాగ్ పోర్టన్నారు కదూ?"

వెనక హైహీల్స్ చప్పుడయింది.

"గది మగ్గం ముడి" అంది నిరోష. ఎర్రటి ఇక్కత్ చీర, పెదాలకు అదే రంగు. "గీయన మా మేనమామ. కాపలకు నేనే రమ్మన్న. వైజాగ్ అని చెప్పుమన్నది నేనే."

"నన్ను అడగకుండానా?"

"నువ్వు నన్ను నమ్మినవా, నిన్ను అడగనీకి?"

తనను కాపాడటానికి ఆమె తన ప్రాణాన్నే పణంగా పెట్టిందని కమలాకర్‌కు అర్థమైంది. కంగారు దాచుకోవడానికి రీలు తిప్పాడు. దారం తేలిగ్గా వచ్చింది. సీసపు గుండు లేదు. నూలు తడిస్తే ముడి బిగుస్తుంది, నైలాన్ తడిస్తే జారుతుంది. నిరోష ఆ బోడి కొసను ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకుంది.

కొంగ జేబులోంచి చేయి తీశాడు. చేతిలో ఉన్నది తుపాకీ కాదు, చిప్ అసలుదో నకిలీదో తేల్చే అగ్గిపెట్టెంత రీడర్. నిరోష పర్సులోంచి తీసిచ్చిన చిప్ అందులో పెట్టాడు. పచ్చలైటు వెలిగింది, మిషన్ కూత పెట్టింది.

"అసలుదే" అంది రాంచందర్ గొంతు చెవిలో. "బుట్ట మూసెయ్, కమలాకర్."

ఎర డబ్బా మూత తీశాడు. జిగట వానపాముల కింద పిస్టల్ చేతికి తగిలింది. ఒడిలో పెట్టుకుని నిరోష వీపుకు గురిచూశాడు. చెమట కళ్లలోకి కారుతోంది. అమృతమ్మ పెట్టిన అన్నం గుర్తొచ్చింది, ఊరికే గుర్తొచ్చి చంపుతోంది.

కొంగ చిప్‌ను బరువైన ఇత్తడి గొట్టంలో బిగించాడు. గొట్టానికి జానెడు నైలాన్ తోక. దూరంగా చీకట్లో ఉన్న పడవ నుంచి ఒక దారం జెట్టీ దాకా వచ్చి పడి ఉంది. దానికి కడితే పడవవాళ్లు లాక్కుంటారు.

"నిజంగా మేనకోడలివే అయితే నీకూ రావాలి. ఆ ముడే వెయ్యి" అన్నాడు కొంగ.

నిరోష మోకాళ్ల మీద కూర్చుంది. కొసలు బొటనవేలి మీద అడ్డంగా పెట్టింది, మెలేసింది, పంటితో లాగింది. కొంగ రెండుసార్లు గుంజి చూశాడు. పొడి నైలాన్ బిగిసే ఉంది. తృప్తిగా తలూపి గొట్టాన్ని నీళ్లలోకి వదిలాడు.

"కమలాకర్, పదకొండు పాణాలు. బుట్ట మూసెయ్. ఇనవడ్తలేదా?"

వినపడుతూనే ఉంది. దారం సర్రున పోతోంది. ముడి జారకపోతే పదకొండు ఇళ్లలో ఏడుపులు, వాటికి కారణం తను. ట్రిగ్గర్ మీద వేలు అలాగే ఉంది, నొక్కలేదు. అతని జీవితంలో అంత పొడుగు నిమిషం లేదు.

పడవ మీద టార్చి మూడుసార్లు వెలిగి ఆరింది. దారం ఉత్తిదే వచ్చిందని సైగ.

కొంగ గిరుక్కున తిరిగి నిరోష జుట్టు పట్టుకుని కత్తి తీశాడు. పిస్టల్ దగ్గినట్టు పేలింది. కొంగ మోకాలు విరిగి కూలబడ్డాడు. పారిపోవాలని చూసిన పడవను మన లాంచీ సెర్చిలైటు కాల్వ మలుపు దగ్గర పట్టుకుంది. గొట్టం మాత్రం కృష్ణ అడుగున బండల మధ్య ఉంది. తెల్లవారి గజ ఈతగాళ్లు దిగుతారు.

కొంగను మోసుకెళ్లాక ఇద్దరే మిగిలారు. నిరోష చెప్పులు విప్పి జెట్టీ అంచున కూర్చుంది.

"మిషన్ తెస్తడని పొద్దుగాల ఎరుకైంది. నకిలీది ఇస్తే ఆడనే సంపుతుండె. అందుకే కార్ల ఇడిసిన. మీకు చెప్దమంటే ఫోన్ గుంజుకున్నరు."

"మంచి పని చేసినవ్ బిడ్డా."

"ఒక్కటి అడుగుత. మిషన్ కూత వెట్టినంక ఎర డబ్బ మూత సప్పుడైంది. అప్పుడు తుపాకి ఎటు వెట్టినవ్?"

అబద్ధమాడటం అతని ఉద్యోగం. ఈసారి మాత్రం ఆడలేదు.

"నీ మీదనే."

"ఎరుకనే. ఐనా ముడి వెయ్యాలె గదా" అంది ఆమె. "నలుగుట్ల మేనమామవైనవ్. మేనకోడలికి చీర వెట్టాలె."

"పెడత."

"తుపాకి కంటె ముందుగాల వెట్టాల్సింది మామా" అని చెప్పులు చేత పట్టుకుని నడిచిపోయింది.

చెవిలో రాంచందర్ రిపోర్టు అడుగుతున్నాడు. ఆయుధం ఎందుకు ఆలస్యంగా పేలిందో రాయడానికి డిపార్ట్‌మెంట్‌లో మూడు పేజీల ఫారం ఉంది. అంతకుముందు అది ఎవరి వైపు తిరిగి ఉందో అడిగే గడి మాత్రం అందులో లేదు, మన డిపార్ట్‌మెంట్‌కు ఆ మాత్రం మర్యాద తెలుసు.