మామ్మ చెప్పిన సాక్ష్యం

ఫ్రిజ్‌లో గుడ్ల అర పక్కన ఇంజెక్షన్ పెట్టె విప్పకుండా అలాగే ఉంది. పాలప్యాకెట్టు కోసం తలుపు తీసినప్పుడల్లా తబిత దాన్ని చూస్తుంది, చూసి తలుపు వేసేస్తుంది. ఆ ఆదివారం పొద్దున మాత్రం వెయ్యలేకపోయింది.

"అత్తయ్యగారూ, చర్చికి వెళ్ళేముందే కెజియాకి ఇంజెక్షన్ చేసేద్దామండీ" అంది.

కూరకి ఉల్లిపాయలు తరుగుతున్న దేవకుమారి తలెత్తలేదు. "పిల్లకి తగ్గిందని ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుని, ఇవాళే సూది ఏంటమ్మా? వచ్చినోళ్ళు వింటే ఏమనుకుంటారు?"

"ఏమనుకున్నా పర్లేదండీ. దాని తిండి చూస్తున్నారా మీరు? ఒక్క ఇడ్లీకి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది."

"ఉక్కపోస్తుంటే నీళ్ళు తాగదేంటి?" అని, దేవకుమారి హాల్లోకి కేకేసింది. "కెజియమ్మా! ఇడ్లీ దిగిందా తల్లీ?"

"దిగింది మామ్మా" అంది తొమ్మిదేళ్ళ కెజియా. అంతే. వంటింట్లో ఆ కేసు కొట్టేసినట్టే.

ధవళేశ్వరంలో దేవకుమారి మాటంటే మాటే. మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేసినన్నాళ్ళూ అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. మనవరాలంటే ప్రాణం. పిల్లకి మూడేళ్ళ వయసు నుంచీ ముద్ద గొంతు దిగకపోవడం, దిగింది తిరిగి రావడం చూసి, కోడలితో సమానంగా ఏడ్చింది కూడా. గారాబమన్నారు, దిష్టన్నారు, వంట బాగోక తినట్లేదని తబితని దెప్పినవాళ్ళూ ఉన్నారు. చివరికి విశాఖలో డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, అన్నవాహికలో ఎలర్జీ వల్ల ఎప్పటికీ తగ్గని వాపు ఉందని చెప్పింది. పాలు మాన్పించారు, గోధుమ మాన్పించారు, గుడ్డు మాన్పించారు. మందు మింగించారు. ఏదీ నిలవలేదు. అప్పుడు బయోలాజిక్ అనే ఈ కొత్తరకం ఇంజెక్షన్ మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి తొడకి చెయ్యాలి. నాలుగైదు నెలలు తిరిగేసరికి పిల్ల పప్పన్నం గబగబా తిని, ఇంకొంచెం పెట్టమంది. ఆ రోజు తబిత గరిటె పట్టుకునే ఏడ్చింది.

దేవకుమారి ఏడవలేదు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి ప్రార్థించింది కదా, తన ప్రార్థన ఫలించిందనుకుంది. ఈస్టరు తర్వాత ఆదివారం చర్చిలో లేచి, పిల్లని పక్కన నిలబెట్టుకుని, "నా మనవరాలిని ప్రభువు పూర్తిగా స్వస్థపరిచాడు" అని సాక్ష్యం చెప్పింది. ఇంజెక్షన్ ఊసు ఎత్తలేదు. ప్రార్థన తప్పని ఎవరంటారు? ఆ ఒక్క మాట మింగెయ్యడమే తప్పు. అందరూ చప్పట్లు కొట్టారు. కెజియా కూడా కొట్టింది.

ఇక ఆ తర్వాత సూది చేయిస్తే సాక్ష్యం అబద్ధమైపోదూ? "కొన్నాళ్ళు ఆపి చూద్దాం, పిల్ల బానే ఉందిగా" అన్నాడు రాజ్ కుమార్. అతను తల్లికి ఎదురు చెప్పడు, పెళ్ళానికి సర్ది చెప్తాడు. ఈ మందు వాపుని అణచి ఉంచుతుందే గానీ జబ్బుని పెకిలించదని డాక్టరమ్మ చెప్పిన మాట తబిత ఎన్నిసార్లు అప్పగించినా, "నీకు విశ్వాసం తక్కువ" అనే ఒక్క మాటతో ఆ ఇంట్లో నోరు మూయించారు. అలా వేసవి పోయింది, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు, స్త్రీల సమాజం వాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు ఇంటికి వచ్చారు. పాట, ప్రార్థన అయ్యాయి. డాబా మీద షామియానా కింద కోడిపలావు, గోంగూర మాంసం వడ్డించారు. కెజియాని మధ్యలో కూర్చోబెట్టారు. గోదారి జిల్లాల్లో విస్తరి ముందు వద్దనే మాటకి విలువుండదు. స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ పెద్ద మాంసం ముక్క తెచ్చి పిల్ల విస్తట్లో వేసింది.

"వద్దండీ" అంది కెజియా.

"స్వస్థత పొందినదానివి, వద్దంటావేంటే? తిను, మేం చూడాలి!"

కెజియా ముక్క నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. మింగింది. నీళ్ళు తాగింది. ఆ నీళ్ళు తిరిగి బయటికొచ్చాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని లేచి, పిట్టగోడ దగ్గరికి పరిగెత్తింది. ఉమ్మి కూడా దిగక, నోటి నుంచి తీగలా కారుతోంది.

"పొరబోయింది, వీపు తట్టండి" అన్నారెవరో. "ప్రార్థన చేద్దాం" అంది దేవకుమారి.

"దార్లో చేద్దామమ్మా, ముందు కారు తియ్యండి" అన్నారు పాస్టరుగారు. మెట్లు దిగుతూ తబితని అడిగారు. "మందు వాడట్లేదా పిల్లకి?"

"స్వస్థత వచ్చింది కదండీ, ఆపేశాం" అంది తబిత. ఆ మాటలోని చేదు ఆయనకి తగిలింది.

"మందు ఆపమని నేనెప్పుడైనా చెప్పానా దేవకుమారిగారూ? మా ఆవిడ షుగరు మాత్ర వేసుకునే ప్రార్థనకి వస్తుంది కదమ్మా!"

దేవకుమారి గబగబా వెళ్ళి కారు తలుపు తీసి పట్టుకుంది.

రాజమండ్రి ఆసుపత్రిలో పిల్లకి మత్తిచ్చి, గొట్టం వేసి ముక్క తీశారు. పిల్ల లోపల ఉన్నంతసేపూ వరండాలో తబిత నిలబడే ఉంది. రాజ్ కుమార్ దగ్గరికొచ్చి, "ఏం కాదులే" అన్నాడు.

"ఏం కాదులే, ఏం కాదులే అనే ఇంతదాకా తెచ్చారు" అంది తబిత. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "మీ సాక్ష్యం నిలబడ్డానికి నా పిల్ల గొంతు కావలసొచ్చిందా అత్తయ్యగారూ? ఇన్నాళ్ళూ దాన్ని మీరు చూళ్ళేదా? చూడదల్చుకోలేదా?"

"అడుగుతూనే ఉన్నానమ్మా రోజూ" అంది దేవకుమారి. "దిగుతోందనే చెప్పింది. అది నా దగ్గర అబద్ధమాడదు."

"మీరు పెంచిన పిల్ల కదండీ!" అంది తబిత. మొగుడు వారిస్తున్నా ఆగలేదు. "నాదీ తప్పే. విశ్వాసం లేనిదాన్నని పేరొస్తుందని భయపడి నోరు మూసుకున్నాను. తల్లినై ఉండి, పేరు గురించి భయపడ్డాను."

మత్తు దిగాక డాక్టరు జానకిరామ్‌గారు ముగ్గుర్నీ లోపలికి పిలిచారు. వాపు బాగా తిరగబెట్టిందని, అన్నవాహిక సన్నబడుతోందని, ఇంకా ఆలస్యమైతే దాన్ని లోపల్నుంచి సాగదీయాల్సి వచ్చేదని చెప్పారు. ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెట్టాలి, తమంతట తాము ఎప్పుడూ ఆపకూడదు. తర్వాత స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా పట్టేస్తోంది?"

కెజియా ఆయన వైపు చూడలేదు. గోడ వారగా నిలబడ్డ మామ్మ ముఖంలోకి చూసింది. "ఇవాళే అండీ" అంది.

"ఒక్కరోజులో ఇలా అవదు తల్లీ. నిజం చెప్తేనే కదా మందు సరిగ్గా ఇచ్చేది."

పిల్ల కళ్ళు మళ్ళీ మామ్మ మీదికే వెళ్ళాయి. ఏం చెప్పమంటావు అని అడుగుతున్న కళ్ళవి. "ఇవాళే" అంది మళ్ళీ, ఇంకా చిన్నగా.

దేవకుమారికి అర్థమైంది. ఇంతమంది పిల్లలకి చదువు చెప్పిన మనిషికి ఆ చూపు తెలియకపోవడమేంటి? బెంచీ ఎక్కిస్తారని భయపడే పిల్లల చూపు కాదది. పెద్దవాళ్ళ పరువు మోస్తున్న పిల్ల చూపు. ఆవిడ పైట సర్దుకుని, బయటికి నడిచి, వెనకాల తలుపు దగ్గరగా వేసింది. తబిత, పిల్లని మొగుడికి వదిలి, తనూ వెంట వచ్చేసింది.

తలుపు పూర్తిగా పడలేదు. లోపలి మాట వినపడుతూనే ఉంది.

"ఎండాకాలం సెలవుల నుంచండీ. అన్నం కూడా నీళ్ళతోనే మింగుతున్నాను. పడుకుంటే మండుతుంది." డాక్టరుగారు ఏదో రాసుకున్న చప్పుడు. మళ్ళీ అదే గొంతు. "మామ్మకి చెప్పకండీ. మా మామ్మ ఎప్పుడూ అబద్ధం చెప్పదు. నాకు తగ్గలేదని తెలిస్తే, చర్చిలో చెప్పింది అబద్ధమైపోద్ది."

దేవకుమారి బెంచీ మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తబిత దగ్గర ఆవిడ కోసం దాచుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. అయినా వెళ్ళి పక్కనే కూర్చుంది.

"తబితా" అంది దేవకుమారి. "డాక్టరుగారితో చెప్పమ్మా. ఇంక నేనున్న చోట దాన్ని ఏమీ అడగొద్దని."