కోడలు చేయని వైద్యం

మామగారు పోయాక అత్తగారు ముందు మాట తగ్గించారు, తరువాత తిండి తగ్గించారు. ఆ ఆదివారం ఉదయం కోడలు మిరాన్ తెచ్చి పెట్టిన గంజి గిన్నెను పక్కకు జరిపి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఊళ్ళోవాళ్ళందరి మనసులూ బాగుచేస్తావు," అన్నాడు భర్త తేసిక్, గుమ్మంలో నిలబడి. "మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి నీ చదువు పనికిరాలేదా?"

మిరాన్ కొరియాలోని గున్సాన్‌ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో సైకాలజిస్టు. సొంతమనుషులకు తాను వైద్యం చేయకూడదన్నది ఆ వృత్తిలో గట్టి నియమం. ఎన్నిసార్లు చెప్పినా అది తేసిక్‌కు తప్పించుకునే మాటలాగే వినిపించేది.

"మా ఆసుపత్రిలోనే నో గారని ఇంకో సైకాలజిస్టు ఉన్నారు. ఆవిడ దగ్గరికి తీసుకెళ్తానండీ," అంది.

గోడవైపు నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "పరాయిదాని చేతికి అప్పగిస్తుందట నన్ను. ముక్కూ మొహం తెలియనివాళ్ళకైతే గంటసేపు కూర్చుంటుంది. నాకేమో గంజి పెట్టేసి, గడియారం చూసుకుని పోతుంది."

ఆ మాట నిజమే. సాయంత్రాలు ఇల్లు చేరేసరికి ఇంకొకరి దుఃఖం వినే ఓపిక ఆమెలో మిగిలేది కాదు. "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగినా, అది ఆసుపత్రిలో రోగులను అడిగే గొంతే...

ఆమె పరుపు పక్కన నేలమీద కూర్చుంది. అలవాటైన ఓదార్పు మాటలేవీ నోటికి రాలేదు.

"అత్తయ్యా, మామయ్య రోజూ బస్టాపు దగ్గర నాకోసం నిలబడేవారు కదా. ఇప్పుడు నేను అక్కడ దిగట్లేదు. ముందు స్టాపులోనే దిగి, సందులోంచి నడిచి వస్తున్నాను. ఆ చోటు చూడలేక..."

మాట పూర్తికాకుండానే అరచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

అత్తగారు మెల్లగా ఇటు తిరిగారు. "నీకు ఏడుపొస్తుందా? నీ ఉద్యోగం దాన్ని కూడా మింగేసిందనుకున్నానే..."

"నేను మీ డాక్టరునైతే, మీ పక్కన కూర్చుని ఇలా ఏడవడానికి ఉండదు అత్తయ్యా. నన్ను కోడలిగానే ఉండనివ్వండి."

తేసిక్ లోపలికి వచ్చి, చల్లారిన గంజి గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒకరోజు మిరాన్ సెలవు పెట్టి, అత్తగారిని నో గారి గదిలోకి పంపింది. తాను రోగుల తాలూకు మనుషులు కూర్చునే బల్లమీద కూర్చుంది. లోపలి నుంచి అత్తగారి గొంతు ఒకసారి పైకి లేచి మళ్ళీ తగ్గింది. ఏమంటున్నారో తెలియలేదు. ఇన్నేళ్ళూ తాను తలుపు మూసుకున్నాక బయటివాళ్ళు పడిన ఆరాటం ఇదన్నమాట, అనుకుంది.

చాలాసేపటికి అత్తగారు బయటికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లోపల ఏం చెప్పానో అడగవేం?"

"అడగకూడదు అత్తయ్యా."

"నీ గురించే. సగం తిట్లే."

"మిగతా సగం?"

"అది నో గారికి చెప్పుకున్నది. నీకెందుకు?" అన్నారు అత్తగారు, మెట్లు దిగడానికి కోడలి భుజం పట్టుకుంటూ.