హరదా వారి గుమ్మంలో ఉప్పు

పగలు పదకొండుంబావు...

కార్తీక అమావాస్య! అర్ధరాత్రి ఒక్కటే భూతాలది అనుకునేవాళ్ళు అమాయకులు. నీడ పాదాల కిందకి ముడుచుకుపోయే మిట్టమధ్యాహ్నం కూడా వాటిదే! అందుకే మన ముసలమ్మలు ఆ వేళ పసిపిల్లల్ని గడప దాటనివ్వరు.

ఆ రోజు అసలు నీడలే లేవు. కెనడా పడమటి తీరాన ఫ్రేజర్ నది మీంచి లేచిన మంచు వీధినంతా మింగేసింది. ఆ తీరంలో శీతకాలం ఉరుములు అరుదు... అయినా ఎక్కడో సముద్రం మీద ఫెళఫెళమని ఉరిమింది! దేవదారు కొమ్మ మీద గుడ్లగూబ ఒకటి పట్టపగలే కూసింది! సరిగ్గా అప్పుడే ఒక నల్లని వ్యాను వచ్చి పాత జపాన్ వీధి మొదట్లో ఆగింది.

ముందుగా దిగినవాడు యజ్ఞనారాయణ. దగ్గర్లోని సర్రే ఊళ్ళో ఒక బేస్‌మెంట్లో జాతకాలు చెబుతాడు. విద్యార్థులు వెల్లువలా వచ్చిపడుతున్న రోజులవి. వీసా పూజ, శాశ్వత నివాసానికి పీఆర్ హోమం అంటూ అతని గుమ్మం ముందు స్నో బూట్లు గుట్టలు పడేవి. పిల్లల జుట్టు, జన్మనక్షత్రం, పాస్‌పోర్టు ఫోటో తీసుకునేవాడు. వాటితో ఏం చేస్తాడని ఒక్కరూ అడగలేదు. భయం పట్టుకున్నవాడికి ప్రశ్నలు రావు కదా!

అతని భుజాన లాప్‌టాప్ సంచి. అందులో లాప్‌టాప్ లేదు... కపాలం ఉంది! ఇండియా నుంచి వచ్చిన రోజు ఎయిర్‌పోర్టులో పక్కవాడి ఆవకాయ జాడీ పట్టుబడింది గానీ, ఇతని కొబ్బరికాయల నడుమ ఒదిగిన ఆ తలకాయ పట్టుబడలేదు. దానిలో బందీ అయి ఉన్నది రక్తకంఠి అనే మహాక్షుద్రశక్తి. ఈ అమావాస్య మధ్యాహ్నం పన్నెండు దాటేలోగా దానికి మూలా నక్షత్రంలో పుట్టిన కన్య దేహం అర్పించాలి. లేదా... పోషించినవాడినే అది కబళిస్తుంది!

వెనక దిగిన ఇద్దరమ్మాయిల్లో స్పందనది మూలా నక్షత్రం.

నిజామాబాద్ పిల్ల. చదువు ముగించి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి ఏడు నెలలైంది. జవాబు లేదు. రూమ్మేట్ మృదుల, కాకినాడ అమ్మాయి, మంచి జరుగుతుందనే నమ్మకంతో ఆమెను గురువు దగ్గరకు తీసుకెళ్ళింది. "నీకు గట్టి దిష్టి తగిలిందమ్మా. ఉసురు పట్టిన ఇంట్లో విడుపు చేస్తే పోతుంది" అన్నాడాయన. వీధి చూసినట్టూ ఉంటుంది, పని అయినట్టూ ఉంటుందని ముగ్గురూ బయలుదేరారు.

ఆ వీధి ఒకప్పుడు జపాన్ వర్తకులది. బియ్యం కొట్టు, వలల కొట్టు, పట్టుబట్టల కొట్టు, అన్నీ నల్లబడిన చెక్క ఇళ్ళే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక్క పూటలో అందర్నీ రైలెక్కించి దూరపు శిబిరాలకు తోలేశారు. పొయ్యి మీద కెటిల్ పొయ్యి మీదే ఉండిపోయింది. ఇప్పుడా ఇళ్ళను మ్యూజియంగా కాపాడుతున్నారు.

"నాకెందుకో మంచిగ అనిపిస్తలేదు మృదులా. ఇంటికి పోదామే."

"ఏం కాదే. అరగంటలో అయిపోద్ది. గురువు గారున్నారుగా!"

చివరిది హరదా వారి బియ్యం కొట్టు. అమ్మాయిలిద్దరూ అలవాటుగా బూట్లు విప్పారు. మృదుల చటుక్కున స్పందన చెయ్యి పట్టి లాగింది. గడపకు రెండు పక్కలా చిన్న పింగాణీ పళ్ళేలు. వాటిలో గోపురాల్లా తెల్లని ఉప్పు కుప్పలు!

"తొక్కకే! ఎవరో దిష్టి తీసి పడేశారు!"

యజ్ఞనారాయణ ఆ మాట విన్నాడు గానీ ఆగలేదు. అతని కుడికాలు గడప మీద లేచింది లేచినట్టే ఆగిపోయింది! భుజాన సంచి బండరాయిలా బరువెక్కింది. లోపల కపాలం గజగజ వణికింది...

మరుక్షణం అతని కళ్ళు మెరిశాయి. ఎంతమంది దిష్టి లాగి ఉంటే ఈ ఉప్పుకింత శక్తి! ఇటువంటి ఉప్పుతో గిరి గీస్తే ఏ భూతమైనా అందులోంచి బయటపడగలదా? రుమాలు పరిచి, రెండు పళ్ళేలూ అందులో గుమ్మరించి మూట కట్టాడు. కాలు తేలిగ్గా లోపలికి దిగింది.

"మృదులమ్మా, కర్పూరం వ్యానులో మర్చిపోయాను. తీసుకురామ్మా."

మృదుల వెళ్ళింది. స్పందన ఒంటరిగా మిగిలింది.

వెనక గదిలో చాప మీద ఆమెను కూర్చోబెట్టి తీర్థం ఇచ్చాడు. గుటక దిగిందో లేదో, కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి! అరవబోయింది. నాలుక కదలలేదు. ఎదురుగా, కుంకుమ పూసిన కపాలం... దాని కనుగుంటల్లో రెండు ఎర్రని నిప్పులు!

"హ్రీం... హుం... ఫట్! రా రక్తకంఠీ! ఇదిగో నీ దేహం!"

ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. గదిలో కుళ్ళిన మాంసపు కంపు నిండింది. స్పందన జడ దానంతటదే విడిపోయి గాలిలో లేచింది. మంచులాంటి చేతులేవో తన గొంతులోంచి లోపలికి దిగుతున్నాయి... అమ్మ పేరు గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు! తన పేరు... అదీ రాలేదు! ఆమె నోటి నుంచి ఆమెది కాని గొంతు పలికింది.

"ఆకలి... ఆకలి!"

యజ్ఞనారాయణ వికటాట్టహాసం చేశాడు. అది ఆమెను వదిలి పోకుండా, మూట విప్పి ఆమె చుట్టూ ఉప్పుతో గిరి గీయసాగాడు.

అదే సమయానికి కర్పూరంతో తిరిగొచ్చిన మృదులకు గుమ్మం దగ్గర ఒక జపాన్ అవ్వ ఎదురైంది. చేతిలో చెక్క డబ్బా. ఖాళీ పళ్ళేలు చూసి, మా ఉప్పు ఏమైందని ఇంగ్లీషులో అడిగింది.

"దిష్టి తీసిన ఉప్పు కదండీ..." మృదుల వచ్చిన మాటల్లో చెప్పబోయింది.

అవ్వ తల అడ్డంగా ఊపింది. అది పారేసిన ఉప్పు కాదట. రోజూ పొద్దున్నే కొత్తగా పెట్టే ఉప్పట. మమ్మల్ని తోలేసిన రోజున కూడా నానమ్మ ఈ గడప దగ్గర పెట్టే వెళ్ళింది, రాకూడనివి లోపలికి రాకుండా ఇదే మాకు కాపలా, అంది.

మృదులకు అప్పుడు వెలిగింది! కాపలా తీసేసి మరీ లోపలికి వెళ్ళిన మనిషి దగ్గర స్పందన ఉంది!

"స్పందనా!!!"

అవ్వకు ఏమర్థమైందో... గబగబా డబ్బా తెరిచి రెండు పళ్ళేలూ మళ్ళీ నింపింది.

లోపల ఆఖరి చిటికెడు ఉప్పు రాలి గిరి కలిసింది...

కెవ్వు!!! ఇల్లంతా దద్దరిల్లింది! స్పందన దేహంలోంచి నల్లని పొగ ఒకటి విసిరేసినట్టు గిరి బయటికి ఎగిరిపడింది. అది మళ్ళీ ఆమె మీదికి దూకింది. ఉప్పు గీత దగ్గర భగ్గున మండింది! మళ్ళీ దూకింది. మళ్ళీ మండింది! చెడును బయటే ఆపే ఉప్పు అది. గిరి లోపల ఉన్న పిల్ల కాపలాలో ఉంది. బయట ఉన్నవాడు ఒక్కడే... యజ్ఞనారాయణ!

కొట్టు గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

"వద్దు! నిన్ను ఇన్నేళ్ళు పోషించాను! వద్దు!"

ఆ పొగ అతని నోట్లో, ముక్కుల్లో, చెవుల్లో దూరింది. కడుపులో నిప్పు పోసుకున్నట్టు కేకలు పెడుతూ గుమ్మం వైపు పరుగెత్తాడు. గడప దగ్గర గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి పడ్డాడు! రెండు తెల్లని కుప్పలు. కొత్త ఉప్పు. లోపల రక్తకంఠిని మోస్తున్నవాడు ఆ గడప ఎలా దాటగలడు? వెనక్కి తిరిగాడు... అక్కడ గిరి. ముందు ఉప్పు, వెనక ఉప్పు! పన్నెండో గంట మోగింది. అతని అరుపు ఊపిరితో పాటే సగంలో తెగిపోయింది. వెనక గదిలో కపాలం ఎండిన సొరకాయ బుర్రలా పగిలి రెండు చెక్కలైంది.

మృదుల లోపలికి పరుగెత్తింది. గిరిలో స్పందన జ్వరంతో ఊగిపోతోంది. పెదవి మీద అంటిన ఉప్పు నాలుకకు తగిలింది. పేరు గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. భోరున ఏడ్చింది.

"నన్ను క్షమించవే! నేనే తీసుకొచ్చాను!" అంటూ మృదుల ఆమెను కావలించుకుంది. అవ్వ ఇద్దరి భుజాల మీదా దుప్పటి కప్పి, వేడి టీ తెచ్చి చేతుల్లో పెట్టింది.

స్పందన వర్క్ పర్మిట్ సంగతి ఇంకా తేలలేదు. ప్రతి అమావాస్యకూ పొద్దున్నే బస్సెక్కి హరదా వారి కొట్టుకు వెళుతుంది. అవ్వకు ఇప్పుడు నడుం వంగడం లేదు. ఆ పూట వంగి రెండు కుప్పలూ పెట్టేది స్పందనే. ఉప్పు తిన్న ఇల్లు కదా మరి!

తమ బేస్‌మెంట్ మెట్ల దగ్గర కూడా రోజూ పెడుతుంది. మొన్న కొత్తగా దిగిన కృతిక అనే అమ్మాయి సూట్‌కేసుతో అక్కడే ఆగిపోయింది.

"అక్కా, ఎవరో దిష్టి తీసి పడేశారు ఇక్కడ!"

స్పందన పరుగున వచ్చి, ఆ పిల్ల కాలు తగలకముందే పళ్ళేన్ని రెండు చేతులతో కప్పేసింది.

"అది పడేసింది కాదు చెల్లీ... పెట్టింది. దాటి లోపలికి రా."