లాల్ బీ కట్టిన గుడ్డ

పొద్దున ఆరు కాకముందే ఆజం ఆటోలోకి సగం క్యాన్లు ఎక్కించాడు. గుర్వయ్య బిడ్డ పెళ్ళికి నీళ్ళన్నీ తనవే. కొన్ని క్యాన్లు రాత్రే పంపాడు. హాలియాలో నీళ్ళమ్మేవాళ్ళు ఇంతమంది ఉండగా గుర్వయ్య తనను వెతుక్కుంటూ వచ్చాడు. ఈ వ్యాపారంలో సరుకుకు రంగు లేదు, వాసన లేదు. కొనేవాడు కొనేది నమ్మకాన్నే అని ఆజం లెక్క.

"అబ్బా, జర ఆగు." కూతురు మిస్బా రెండు చిన్న సీసాలు పట్టుకొని వచ్చింది. నల్లగొండలో మైక్రోబయాలజీ చదువుతోంది. పరీక్ష సీసాలు కాలేజీ నుంచే తెచ్చింది. క్రిములున్న నీళ్ళు పోస్తే రెండు రోజుల్లో నల్లబడతాయి. ఒక సీసా పచ్చగానే ఉంది. రెండోది సుర్మాలా నల్లబడింది.

"ఎవలింటి నీళ్ళు గివి?"

"మనయే."

"మిషన్ మొన్ననే సాఫ్ చేయించిన. నీ సీసనే ఖరాబై ఉంటది."

"పోయిన వారం గూడ గిట్లనే వస్తే, ఏడ తప్పో తెల్సుకుందామని మళ్ళ చేసిన అబ్బా. పచ్చగున్నది మిషన్ పైపుకాడ పట్టిన. నల్లది దాదీ గుడ్డ కింద పట్టిన."

ఆజం నల్లా వైపు చూశాడు. మిషన్లో శుద్ధైన నీళ్ళను క్యాన్లకు పట్టే ఆ నల్లా మూతికి తెల్ల గుడ్డ కట్టి ఉంది. తల్లి లాల్ బీ ప్రతి శుక్రవారం ఉతికి కడుతుంది. మిగతా రోజులన్నీ అది తడిగానే ఉంటుంది. ఆజం పుట్టకముందు ఆమె పెద్దకొడుకు ఫహీం వాంతులు, విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. బావి నీళ్ళ వల్లేనన్నారు. అప్పటినుంచి వడగట్టని చుక్క ఆమె గడప దాటలేదు.

కంటికి నీళ్ళు తేటగానే ఉన్నాయి, పంపితే ఎవరికీ తెలియదు. కానీ పెళ్ళిలో పసిపిల్లలుంటారు. ఆ తూకం తేలడానికి ఆజంకు ఎంతోసేపు పట్టలేదు. పసిపిల్లల వైపే బరువు తూగింది.

"దాదీకి చెప్పకు," అన్నాడు మెల్లగా.

"చెప్పకుంటే మళ్ళ కడ్తది గదా."

"నేను చూసుకుంట." గుర్వయ్యకు ఫోన్ చేశాడు. "అన్నా, మా మిషన్ చెడింది. రాత్రి పంపిన క్యాన్లు ఎవల్నీ ముట్టనియ్యకు. ఇంకోకాడ మాట్లాడి నేనే పంపుత."

"పెండ్లి పొద్దు చెప్తవా ఆజం? ఎసరు మసిలినంక బియ్యం లేవన్నట్టున్నది," అన్నాడు గుర్వయ్య. "నీ మిషన్ మంచిదని పదిమందికి చెప్పిన."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి గుమ్మంలో లాల్ బీ నిలబడి ఉంది.

"మిషన్ మంచిగనే నడుస్తాంది. చెడిందంటవేంది?"

ఆమె మనవరాలి చేతిలోని నల్ల సీసాను తీసుకొని వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత నల్లాను చూసింది.

"నా గుడ్డదా?"

"తడి ఆరలే దాదీ. అండ్లనే క్రిములు పెరిగినయి."

లాల్ బీ వెళ్ళి ముడి విప్పబోయింది. తడికి ముడి బిగుసుకుంది. ఆజం చెయ్యి వేయబోతే పక్కకు నెట్టింది.

"నేను కట్టిందే. నేనే విప్పుత."

"నువ్వు మంచికే కట్టినవమ్మీ."

"కండ్లకు కనవడ్డయి వడగట్టిన. కనవడనియి ఉంటయని నాకెవలు చెప్పిండ్రు?" గుడ్డను పిండి పక్కన పెట్టింది. "గుర్వయ్యకు మళ్ళ ఫోన్ చెయ్యి బేటా. మా ముసల్ది తడిగుడ్డ కట్టింది, తప్పు దాందేనని చెప్పు. మిషన్ చెడిందంటే రేపు నీ నీళ్ళెవలు తాగుతరు? నా పేరు పోతే ఏం పోతది?"

వ్యాపారం తండ్రి దగ్గర నేర్చుకున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు ఆజం. కళ్ళు తుడుచుకొని ఫోన్ తీశాడు.

పెళ్ళికి వేరేచోటి నీళ్ళు పంపి, ఆరోజే నల్లా, క్యాన్లు మందు వేసి కడిగారు. కొత్త సీసాను లాల్ బీ తన చేత్తో నింపింది. మూడోరోజు అందరికంటే ముందు లేచి మనవరాలిని తట్టింది.

"నా కండ్లు సరిగ్గ ఆనవు. జర చూడు, పచ్చగనే ఉన్నదా?"

"పచ్చగనే ఉన్నది దాదీ."

లాల్ బీ గ్లాసు తెచ్చి నల్లా కింద పట్టింది. బిస్మిల్లా అని సగం తాగి, మిగతాది కొడుక్కిచ్చింది. ఫహీం పోయాక ఆమె వడగట్టకుండా తాగిన మొదటి నీళ్ళవి.