సున్నాకి ముందు గడి

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు. ఆఫీసు మూడో అంతస్తులో ఆమె ఒక్కతే, చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని కూర్చుంది. కుర్చీ అక్కది. ఏడాది కిందట అక్క ఈ ఆఫీసు మెట్ల మీంచే జారిపడి ప్రాణం పోగొట్టుకుంది. అక్క సగంలో వదిలిన పని చెల్లెలికి వచ్చింది. వచ్చే వారం అక్క మొగుడితో పెళ్లి కూడాను. "ఆ రోజు నేను ఊళ్లో ఉండుంటేనా!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చిన బావని కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

పని చూడబోతే చిన్నదే. ఆసుపత్రి పాత రికార్డుల్లోని అక్షరాలను కొత్త అక్షరాలుగా మార్చే పట్టిక, సీ అనే కంప్యూటరు భాషలో. సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకా గడులు. పాత అక్షరం నంబరు ఇస్తే, ఆ నంబరు గడిలోంచి కొత్త అక్షరం వస్తుంది.

ప్రోగ్రాం నడిపింది. రోగుల పేర్లు రావాల్సిన చోట ఒకటే ముక్క వచ్చింది.

చిట్టీ ఆ రోజు వాడు ఊళ్లోనే ఉన్నాడు

కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ చదివింది. తనని చిట్టీ అని పిలిచేది అక్క ఒక్కతే.

వెతికితే గోరంత తప్పు దొరికింది. నూట ఇరవై ఏడు దాటిన నంబర్లను కంప్యూటరు మైనస్ అనుకుంటోంది. సున్నాకి ముందు, పట్టికే లేని చోట చెయ్యి పెట్టి, దొరికింది తెస్తోంది. కానీ అక్కడ ఎవరూ ఏమీ రాయలేదే... సరిదిద్దింది. పేర్లు బుద్ధిగా వరసకట్టాయి. హమ్మయ్య అనుకుంది.

"మైనస్ గొడవ తేలిందా, మరదలా?"

వెనక బావ. ఎప్పుడొచ్చాడో.

"మీ అక్క కూడా సరిగ్గా అక్కడే చిక్కుకుంది. ఆ రోజు ఎంత చెప్పినా లేవలేదు..."

"ఏ రోజు బావా?"

అతను నాలుక కరుచుకున్నాడు.

నమ్మించి గొంతు కోశాడు. ఆ దొంగ కన్నీళ్లు తన చేత్తోనే తుడిచింది. తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

"పద," అన్నాడు మెల్లగా, ఆమె చెయ్యి పట్టుకుని. "లిఫ్టు పాడైంది. మెట్లు దిగుదాం."

తెర మీద ఇంకో వరస వచ్చింది. ఆమె ఏ మీటా నొక్కలేదు.

చిట్టీ లిఫ్టు బాగానే ఉంది

నడవా చివర టింగుమంది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు.

అతని చెయ్యి విదిలించుకుని పరుగెత్తి లిఫ్టులో దూరింది. తలుపులు మూసుకున్నాయి. బతికాననుకుంది... అప్పుడు చూసింది. వెలుగుతున్న మీట మీద మైనస్ ఒకటి.

ఆ భవనానికి నేల కింద అంతస్తు లేదు.

"అక్కా... ఎక్కడికి?" అంది గుసగుసగా.

లిఫ్టు ఒకటి దాటింది. సున్నా దాటింది. ఇంకా దిగుతోంది.