నట్టింట్లో బడి

పొద్దున పలహారం కాకముందే శామ్ ఇంట్లో బడి మొదలైపోతుంది. నట్టింట్లో పరిచిన నల్లబండలే ఆ బడికి పలకలు. ఐదేళ్ల నిస్సీ బోర్లా పడుకుని సుద్దముక్కతో బండ నిండా 'ఖ' దిద్దుతున్నాడు. వాడి అక్క స్తుతి వంటింటి గడప మీద కూర్చుని తక్కెడలో కందిపప్పు తూస్తోంది.

"ఏడో ఎక్కం కానీ," అంది వాళ్లమ్మ దీవెన, పెనం మీద దోసె తిరగేస్తూ.

స్తుతి ఎక్కాన్ని పాటలా అందుకుంది. మాట్లాడబోతే తడబడే ఎనిమిదేళ్ల ఆ పిల్ల నాలుక, రాగం తోడైతే ఎక్కడా ఆగదు. ఆ సంగతి కనిపెట్టిన దగ్గర్నుంచీ దీవెన ఎక్కాలకూ, నెలల పేర్లకూ, చివరికి జిల్లాల పేర్లకూ బాణీలు కట్టి నేర్పుతోంది.

వరండాలో టీ తాగుతున్న కృపమణికి ఆ పాట వినిపిస్తూనే ఉంది. ఆమె శామ్ తల్లి. బద్వేలు దగ్గర ఒక సర్కారు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైంది. భర్త పోయాక ఎర్రగుంట్లలో ఉన్న ఒక్కగానొక్క కొడుకు దగ్గరికి వచ్చేసింది. రోడ్డు మీద స్కూలు ఆటోలు పోతున్నాయి. వాటి వెనక సిమెంటు లారీలు.

పక్కింటి ఉరుకుందమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. "ఏం టీచరమ్మా, మీ పిల్లోళ్లు ఈ పొద్దు గూడా బడికి పోలేదే? ఊరందరికీ సదువు చెప్పిన ఇంట్లో ఇదేం చోద్యం?"

కృపమణి టీ గ్లాసు పట్టుకుని విసురుగా లోపలికి వచ్చింది.

"దీవెనా, ఇంకెన్నాళ్లు ఈ పాటల కచేరీ?"

"కచేరీ కాదత్తా, ఎక్కం. తప్పు లేకుండా చెప్పింది, మీరూ విన్యారు గదా."

"రేపు ఇంటర్వ్యూలో గూడా పాడి చూపిస్తాదా? పెద్దయినాక లోకమంతా నీ నట్టింట్లో పట్టదు దీవెనా." కృపమణి గ్లాసు గట్టు మీద పెట్టింది. "మా నాయన జ్ఞానరాజు బండల గనిలో సుత్తె కొట్టి నన్ను సదివించినాడు. మా పేటలో బడి మెట్లెక్కిన తొలి ఆడపిల్లను నేను. నన్ను దూరంగా కూసోబెట్టినా పోయినా. పిల్లోళ్లు నవ్వినా పోయినా. బడి లేకపోతే మనం యాడుందుము? అట్లాంటిది నా మనవరాలు ఇంట్లో పప్పు తూచుకుంటా కూసునింది."

దీవెన స్టవ్ ఆర్పింది. అత్త మాటలో అబద్ధం లేదని ఆమెకూ తెలుసు. కానీ నిరుడు స్కూలు నుంచి తెచ్చుకున్న బిడ్డను ఆమె మరిచిపోలేదు. రెండో తరగతిలో పాఠం చదవమని స్తుతిని లేపిన టీచరు, పదం పూర్తిగా పలికేదాకా కూర్చోవద్దంది. పిల్లలు నవ్వారు. గంట మీద గంట కొట్టినా నిలబడే ఉన్న పిల్ల, చివరికి నిలబడ్డచోటే బట్టలు తడుపుకుంది. ఆ రోజు మూసుకున్న నోరు ఎండాకాలం సెలవులు వచ్చినా తెరుచుకోలేదు. తమ్ముడితో కూడా సైగలే. ఆ మౌనం కరిగించడానికి దీవెన ఏడాదిగా పడుతున్న పాటు ఆమెకే తెలుసు.

"పంపనని నేను అనలేదు అత్తా. అది పోతానన్న రోజు నేనే చెయ్యి పట్టుకోని తోలుకపోతా. అంతదాకా ఆగండి."

"పిల్లలు పోతామని వాళ్లంతట వాళ్లు ఎప్పుడంటారు?" అని కృపమణి గదిలోకి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే కడపలో దీవెన తల్లికి కంటి ఆపరేషన్ అయింది. చూసి రావడానికి దీవెన నిస్సీని తీసుకుని బయల్దేరింది. బస్సెక్కితే వాంతులయ్యే స్తుతిని అత్తకు అప్పగించింది. శామ్ ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు.

బస్సు కదిలిందని ఫోను రాగానే కృపమణి మనవరాలికి తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, క్రిస్మస్‌కు కుట్టించిన గౌను తొడిగింది. "మంచి చోటికి పోదాం రా తల్లీ," అంది.

ఆ మంచి చోటు ఊరి చివర కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు స్కూలు. హెడ్మాస్టరు హనుమన్న ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. ముందే మాట్లాడి పెట్టింది. గేటు చూడగానే స్తుతి నడక ఆగిపోయింది. కృపమణి చెయ్యి వదల్లేదు.

హనుమన్న లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పిల్లను నవ్వుతూ దగ్గరికి పిలిచాడు. "నీ పేరేం పాపా?"

స్తుతి పెదవులు విడివడ్డాయి. 'స్...' అన్న ఊపిరి బయటికి వచ్చి అక్కడే ఆగింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్లు ఒకసారి మూసి తెరిచింది. మళ్లీ 'స్...' అంది. గది బయట ఇద్దరు ఆడపిల్లలు ఆగి చూశారు.

"చెప్పు," అంది కృపమణి. "ఊఁ, తొందరగా. సారు అడుగుతాండాడు గదా. ఇంట్లో పాడతావే, ఈడ ఏమొచ్చింది?"

తన పాత విద్యార్థి ముందు, తనను దేవతలా చూసిన పిల్లవాడి ముందు ఆమెకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి ఎప్పుడు కిందికి పోయిందో ఆమెకే తెలియలేదు. గౌను మీద నుంచే తొడ పట్టి గట్టిగా గిల్లింది.

స్తుతి ఏడవలేదు. నోరు మూసుకుంది. తెరుచుకుంటున్న తలుపుకు లోపలినుంచి గడియ వేసుకున్నట్టు మూసుకుంది.

"పర్వాలేదు మేడం, సోమవారం నుంచి పంపించండి, అలవాటైపోతాది," అన్నాడు హనుమన్న, కాస్త కంగారుగా.

దీవెన తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. శామ్ అప్పటికే ఇంటికి వచ్చి, కనురెప్పల మీది సిమెంటు దుమ్ము కూడా కడుక్కోకుండా కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. నిస్సీ పరుగెత్తుకెళ్లి "అక్కా, అమ్మమ్మ కంటికి నల్లద్దాలు పెట్టినారు!" అన్నాడు. స్తుతి వాడి వైపు కూడా చూడలేదు.

"ఏమైంది బంగారూ? అన్నం తిన్యావా?" అంది దీవెన.

స్తుతి గోడకేసే చూస్తోంది. ఆ చూపు ఆమెకు తెలుసు. స్నానం చేయిద్దామని తీసుకెళ్లి గౌను విప్పితే తొడ మీద ఎర్రగా కమిలిన గుర్తు కనబడింది.

బిడ్డను తువ్వాల్లో చుట్టి వెంటబెట్టుకుని నట్టింట్లోకి వచ్చింది. "ఎవరు గిల్లినారు అత్తా?"

కృపమణి దాచలేదు. "నేనే. బడిలో చేర్పించేదానికి తోలుకపోయినా. సోమవారం నుంచి రమ్మన్యారు."

"నాకు చెప్పకుండానా? నేను ఇంట్లో లేని పొద్దు చూసుకోనా?"

"చెప్తే ఒప్పుకుంటావా? నువ్వు బిడ్డను సాకడం లేదు, దాస్తాండావు. నీ భయానికి దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసినావు."

"అవును, నాకు భయమే! ఏడాది పట్టింది అత్తా, దాని నోట 'అమ్మా' అని మళ్లీ ఇనేదానికి. ఒక్క పూటలో మూసేసినారు. మీరు టీచరా?" దీవెన భర్త వైపు తిరిగింది. "ఏమప్పా, నువ్వన్నా మాట్లాడు. ఎప్పుడూ గోడ మాదిరి కూసుంటావు."

"వాన్నేం అడుగుతావు?" కృపమణి కూడా లేచింది. "వానికీ చిన్నప్పుడు నత్తే. నీకు చెప్పినాడో లేదో. మూడో తరగతిలో నా క్లాసులోనే కూసోబెట్టుకున్యా. నా కొడుకని చూడలేదు. మాట తప్పినప్పుడల్లా అరచేతి మీద స్కేలుతో కొట్టినా. ఆ ఏడు తిరిగేసరికి నత్తి పోయింది. ఈ పొద్దు ఉద్యోగం చేస్తాండ్లేదా? పెండ్లాం పిల్లలతో ఉండ్లేదా?"

దీవెన నిర్ఘాంతపోయి భర్తను చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నత్తి ఆమె వినలేదు. మాట తక్కువ మనిషి అనుకుంది అంతే.

శామ్ తల వంచుకుని ఉన్నాడు. అరచేతులు ప్యాంటుకు రుద్దుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. దవడ ఒక పక్కకు లాగింది. స్తుతి తువ్వాల్లోంచి తల తిప్పి తండ్రిని చూసింది.

"న... న... నత్తి పోలేదమ్మా," అన్నాడు. "దా... దాచుకునేది నేర్చుకున్యా."

అతను ఒక్కో మాటనూ బరువైన బండను దొర్లించినట్టు దొర్లిస్తూ చెప్పుకొచ్చాడు. "పెండ్లిచూపులప్పుడు వీళ్లింట్లో కాఫీనా టీనా అని అడిగినారు. నాకు కాఫీ ఇష్టం. 'క' నోట్లో ఇరుక్కుంటాది. టీ అన్యా. ఇప్పటిదాకా టీనే తాగుతాండా. ఫ్యాక్టరీలో పెద్ద పోస్టు ఇస్తామన్యారు. మైకులో మాట్లాడాల. వద్దన్యా." దీవెన వైపు చూడబోయి చూపు దించుకున్నాడు. "నీ పేరు గూడా... 'ద' కాడ ఆగిపోతాది. అందుకే ఎప్పుడూ 'ఇదిగో' అంటా. నువ్వేమో మర్యాద అనుకున్యావు."

దీవెన రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

"నువ్వు అందరికీ చెప్పుకుంటావు గదమ్మా, నా కొడుకు బుద్ధిమంతుడు, మాట తక్కువోడని. తక్కువ కాదు. నాకు శానా మాటలుండాయి. కానీ నోరు తెరిస్తే ఇప్పటికీ అరచెయ్యి మండుతాది. భ... భ..."

"భయమా?" కృపమణి ఆత్రంగా అందివ్వబోయింది. దీవెన ఆమె ముంజేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఇద్దరూ ఆగారు.

"భ... భరించినా," అన్నాడు శామ్. "నా బిడ్డ ఎందుకు భరించాల?"

కృపమణి కుర్చీలో కూలబడింది. పాఠం ఆగకుండా అప్పజెప్పిన కొడుకును చూసి ఆ ఏడాది చర్చిలో తాను సాక్ష్యం చెప్పింది. దేవుడు నా చేతుల్ని వాడుకున్నాడని చెప్పింది. ఆ తరవాత పిల్లవాడు బయట ఆడుకోవడం మానేశాడని, అడిగినదానికి తల ఊపడమే తప్ప నోరు తెరవడం లేదని ఆమె గమనించకపోలేదు. బుద్ధి వచ్చిందని సంతోషించింది. ఇప్పుడు ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె హనుమన్నకు ఫోన్ చేసింది. "నా మనవరాలు రాదు నాయనా. నీ తప్పేం లేదు. అది పోతానన్న రోజు నేనే చెప్తా," అంది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి దీవెన వెనక నిలబడింది. "చదువు మాత్రం ఆగగూడదు దీవెనా."

"ఆగదత్తా." దీవెన గ్లాసులో కాఫీ కలుపుతోంది. "మీరన్న మాటా నిజమే. నా భయం దానికి అంటగూడదు. సాయంత్రాలు నలుగురు పిల్లలతో ఆడుకునేదానికి పంపిస్తా," అంది.

కానీ స్తుతి మాట్లాడలేదు. ఆదివారం వచ్చి పోయింది. పాటలు కూడా ఆగిపోయాయి. కృపమణి ఆ పిల్ల దగ్గరికి వెళ్లే ధైర్యం చేయలేదు. చర్చిలో తోటివాళ్లు స్కూలు సంగతి ఎత్తితే, "మా పిల్లలకు మా కోడలే చెప్తాంది, బాగా చెప్తాంది," అని మాత్రం అంది.

ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో చాప మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. స్తుతి వచ్చి చాప అంచున కూర్చుంది. చాలాసేపు వేలితో పొట్టు కదుపుతూ ఉండిపోయింది.

"జే... జే... జేజీ."

కృపమణి చెయ్యి ఆగిపోయింది. తల తిప్పితే పిల్ల బెదురుతుందేమోనని కదలకుండా కూర్చుంది.

"నువ్వు డా... డాడీని కొట్టినావా?"

"కొట్టినానమ్మా."

"డాడీకి నొ... నొచ్చిందా?"

"నొచ్చింది. శానా నొచ్చింది. నాకే ఇన్నాళ్లూ తెలీలేదు."

స్తుతి ఇంకాస్త దగ్గరికి జరిగింది. గౌను మీద నుంచి తొడ మీద చెయ్యి పెట్టుకుంది. "మ... మళ్లీ కొడతావా?"

కృపమణి నోరు తెరిచింది. ముప్పై ఏళ్లు తరగతి గదుల్లో గంటలా మోగిన ఆ గొంతులో మాట ఇరుక్కుపోయింది. పెదవులు కదిలాయి. కళ్లు నిండి నీళ్లు చెంపల మీదికి జారాయి. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు.

స్తుతి తొందరపెట్టలేదు. మాట అందివ్వలేదు. జేజి మొహంలోకే చూస్తూ, వస్తుందిలే అన్నట్టు ఓపిగ్గా కూర్చుంది. చాలాసేపటికి, పగిలిన గొంతుతో, "కొ... కొట్టను తల్లీ," అన్న మాట వచ్చేదాకా అలాగే కూర్చుంది.