బావ చవగ్గా కొన్న పడవ

పడవలు బాగుచేయడం నా పని. ఇరవై రెండేళ్ళుగా అదే. ఈ ఇరవై రెండేళ్ళలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, పడవలు కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది మూర్ఖులు. మిగిలిన పదిమంది ఇంకా కొనలేదు.

మా బావ మొదటి రకం. అక్కని చేసుకున్న నాటి నుంచీ చవగ్గా దొరికిందల్లా ఇంటికి మోసుకొస్తూనే ఉన్నాడు. తిరగని ఫ్యాను, తెరుచుకోని బీరువా, ఒకే పాట పాడే రేడియో. ఈసారి ట్రైలర్ మీద ఏకంగా పడవనే తీసుకొచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. ఆరుగురు కూర్చునే మోటారు పడవ. ముందువైపు మనిషి పడుకునేంత చిన్న గది, దానికో చెక్క తలుపు. తెల్లరంగు పసుపైపోయింది. ఇంజను మీద పక్షి గూడు.

"కుటుంబంతో తిరిగిన పడవట! చాలా ప్రేమగా చూసుకున్నారట!" అన్నాడు బావ మెరిసిపోతూ.

"పోయిన గేదె పాలెక్కువ. ఇంత ప్రేమగా చూసుకున్నవాళ్ళు ఎందుకు అమ్మారట?"

"అడగలేదు."

అడగడు. అడిగితే బావ ఎందుకవుతాడు?

బావతో పాటు వచ్చిన అక్క నన్ను పక్కకి పిలిచింది. "నువ్వు బాగుచేయొచ్చు అంటే చేయిద్దాం. వద్దంటే ఇక్కడికిక్కడే వదిలేద్దాం. సెలవులకి పిల్లలిద్దరినీ దీంట్లో ఎక్కిస్తానని మాటిచ్చేశాడురా. సరిగ్గా చూసి చెప్పు."

పడవని షెడ్డులోకి లాగించాను. మధ్యాహ్నం మూడైనట్టుంది. మబ్బు పట్టి, ఉన్నట్టుండి వాన మొదలైంది. కరెంటు పోయింది. రేకుల మీద వాన మోతకి పక్కవాడి మాట కూడా వినబడనంతగా ఉంది. బావ ఉత్సాహం పట్టలేక ముందుగదిలోకి దూరాడు. నేను సుత్తి, టార్చి వెతుక్కోడానికి వెనక్కి వెళ్ళాను.

పడవ పాడైందో లేదో సుత్తే చెబుతుంది. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. లోపల కుళ్ళినచోట తడిగుడ్డని కొట్టినట్టు మెత్తగా మోగుతుంది. తిరిగొచ్చి, వెనక నుంచి కొట్టుకుంటూ వచ్చాను. అంతా మెత్తనే. పడవలోంచి ఒక వాసన వస్తోంది. బూజు వాసన కాదు, డీజిలూ కాదు. చాలాసేపు మూసి ఉంచిన నోటి వాసన.

ముందుగది దగ్గరికొచ్చేసరికి వాన కాస్త తగ్గింది. తలుపు దగ్గరగా వేసి ఉంది.

"ఎలా ఉంది బావా నీ రాజభవనం?"

"బాగుంది," అన్నాడు లోపలి నుంచి. గొంతు బొంగురుగా ఉంది. దుమ్ము పట్టేసి ఉంటుందనుకున్నాను.

"బాగుండక! దీనికంటే చిల్లుల బకెట్ నయం. దీన్ని నీళ్ళలో దించితే ఎటు పోతుందో తెలుసా?"

తాపీగా అన్నాడు.

"కిందికి."

పకపకా నవ్వాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా బావ నోట మొదటిసారి తెలివైన మాట వచ్చింది. "తెలిసే కొన్నావా మహానుభావా? మరి పిల్లల్ని ఎలా ఎక్కిస్తావు?"

తలుపు సందులోంచి గుసగుసగా వచ్చింది.

"చిన్నదాన్ని ముందు..."

ఒళ్ళు మండింది. ఎంత హాస్యమైనా హద్దుండాలి. ఏదో అనబోయాను.

షెడ్డు తలుపు తెరుచుకుంది. బావ... అక్కతో కలిసి లోపలికొచ్చాడు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో టార్పాలిన్.

"నువ్వు వెనక్కి వెళ్ళగానే కారులోంచి పట్టా తెద్దామని పోయాం. వానకి అక్కడే ఇరుక్కుపోయాం. అరగంట!" అన్నాడు.

సుత్తి కింద పెట్టాను.

తలుపు లాగి టార్చి వేశాను. లోపల ఎవరూ లేరు. చిరిగిన పరుపు. ఒక మూల సాలెగూడు. అంతే. మనిషి దాక్కునే చోటే లేదు. కానీ ఆ వాసన... ముఖానికి వెచ్చగా తగిలింది. ఒకసారి. ఆగి, ఇంకోసారి.

వెనక్కి దూకాను.

"ఏమైంది?" అన్నాడు బావ.

చెప్పాను. ఉన్నదున్నట్టు. బావ ముఖం ఎర్రబడింది.

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. పిల్లల పేరెత్తి ఈ కట్టుకథలెందుకు? నేను తెచ్చింది నువ్వు ఒక్కటైనా మెచ్చావా? ఒక్కటి?"

ఇన్నేళ్ళూ నోరు పారేసుకున్నవాడికి నిజం చెప్పాల్సిన రోజున ఆ నోరు చెల్లలేదు. ఇంకో మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తానంటూ బావ ట్రైలర్ వైపు నడిచాడు. తీసుకెళ్తాడు. ఎవడో ఒకడు రంగు పూసి, నవ్వుతూ చేతిలో పెడతాడు. సెలవులొస్తాయి.

అక్క మాత్రం కదల్లేదు. నా ముఖంలోకే చూస్తోంది.

"చిన్నదాన్ని అనే అన్నదా?" అంది మెల్లగా.

"అవును."

"వీడికి పొగరెక్కువ. కానీ నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు," అంది బావతో. తరవాత నా వైపు తిరిగి, "పడవని కొయ్యరా," అంది.

బావ అరిచాడు, అడ్డుపడ్డాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. రెండేళ్ళయింది. పిల్లలు క్షేమంగా ఉన్నారు. ఆయన దృష్టిలో నేను ఒక మంచి పడవని ఓర్వలేక ముక్కలు చేసినవాణ్ణి. అనుకోనీ. నేనూ ఆయన గురించి అంతకంటే మంచిగా ఏనాడూ అనుకోలేదు కదా.

ఆ సాయంత్రం చేసిన పనిలో ఒక్క విషయం మాత్రం అక్కకి కూడా చెప్పలేదు.

కరెంటు రాలేదు. చేతి రంపంతోనే మొదలుపెట్టాను. ముందుగదిలో నేలగా వేసిన ప్లైవుడ్ చెక్కని ఒక అంచున కోసి, గడ్డపారతో పైకి లేపాను. పైన ఒక్క స్క్రూ తల కూడా కనబడకపోతే జిగురుతో అతికించారనుకున్నాను. జిగురు కాదు.

చెక్కని తిరగేశాను.

స్క్రూ తలలన్నీ అడుగునే ఉన్నాయి. కింది నుంచి పైకి బిగించినవే... అన్నీ. ఆ చెక్కకీ పడవ అడుగుకీ మధ్య ఉన్న ఖాళీ జానెడు. నాలుగు వైపులా ఫైబర్ పోసి మూసేసినది. అందులో పిల్లి కూడా పట్టదు.

మూలనున్న ఒక స్క్రూ మాత్రం పూర్తిగా దిగలేదు. సగంలో ఆగి ఉంది. దాని చుట్టూ చెక్కపొడి, తెల్లగా, పొడిపొడిగా, ఇప్పుడే రాలినట్టు...

ఆ స్క్రూని వేలితో ముట్టుకున్నాను.

కాలింది.